ఓడలు పోగొట్టుకున్న కప్తాను: సీదీ అలీ రయీస్

మన ఉర్దూలో రయీస్ అంటే డబ్బున్నవాడు, హవేలీ గలవాడు. తుర్కీ నావికుల వాడుకలో మాత్రం ఓడ నడిపే కప్తానును రయీస్ అంటారు. సీదీ అలీ గారు ఈ రెండో అర్థంలోనే రయీసు. అదీ ఎలాంటి రయీసంటే, 15 ఓడలతో బయలుదేరి, ఒక్కటి కూడా లేకుండా, నేల దారిన ఇల్లు చేరినవాడు.

ఆయనది ఇస్తంబుల్ నగరంలోని గలతా పేట. తాత, తండ్రి అక్కడి సర్కారీ ఓడల కార్ఖానాలోనే కొలువు చేశారు. తానూ చిన్ననాటి నుంచే సముద్రం పట్టాడు. 1522లో రోడ్స్ ముట్టడిలోనూ, 1538లో ఖైరుద్దీన్ బార్బరోసా గెలిచిన ప్రెవెజా యుద్ధంలోనూ పాల్గొన్నాడు. దీనికి తోడు నక్షత్రాల లెక్క తెలిసినవాడు. కాతిబీ అనే తఖల్లుస్‌తో గజళ్ళు కూడా రాసేవాడు.

1553 ఆఖర్లో సుల్తాన్ సులేమాన్ హలబ్ నగరంలో ఉండగా ఆయనకు హుకుం ఇచ్చాడు. బస్రాలో ఉండిపోయిన ఉస్మానియా ఓడలను అరేబియా చుట్టూ తిప్పి సూయజ్ రేవుకు చేర్చాలి. వినడానికి చిన్న పనే. కాని ఆ ఓడలు బస్రాలో ఎందుకుండిపోయాయో చూడండి. పటాలు గీసి పేరు పొందిన పీరీ రయీస్ వాటిని అక్కడ వదిలి వచ్చాడు. ఆ నేరానికి ముసలితనంలో కైరోలో ఆయన తల తీయించారు. తరువాత మురాద్ రయీస్ ప్రయత్నించి, పోర్చుగీసు వారితో పోరాడి, తిరిగి బస్రాకే వచ్చేశాడు. మూడోవాడు మన సీదీ అలీ. ఓడలు పోతే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1554 జూలైలో 15 తెడ్ల ఓడలు బస్రా వదిలాయి. ఇవి పొడుగ్గా, నీటికి దగ్గరగా ఉంటాయి. గాలి లేకపోయినా మనుషులు తెడ్లు వేసి నడుపుతారు. మధ్యధరా సముద్రానికి ఇవి సరిపోతాయి. హిందూ మహాసముద్రంలో వానగాలి లేచాక వీటితో బయటికి పోవడమంటే ప్రాణాలతో చెలగాటమే. నా మట్టుకు నాకు, తప్పు నడిపినవాడి కన్నా పంపినవారిదే ఎక్కువనిపిస్తుంది. హుర్ముజ్ దాటాక ఆగస్టులో పోర్చుగీసు వారితో రెండుసార్లు యుద్ధం జరిగింది. వాళ్ళవి ఎత్తైన తెరచాప ఓడలు, పెద్ద ఫిరంగులు. మస్కట్ దగ్గర రెండో పోరులో ఆరు ఓడలు పోయాయి. తెడ్లు వేసేవాళ్ళకు చేతులు ఆడలేదు. మిగిలినవి తొమ్మిది.

ఆ తొమ్మిదింటితో యమన్ వైపు పోదామంటే తుఫాను పట్టుకుంది. ఆ తీరం వాళ్ళు దానిని ఏనుగు తుఫాను అంటారట. పగలేదో రాత్రేదో తెలియలేదు. పది రోజులు ఎడతెగని వాన. బరువు తగ్గించడానికి సామాను నీళ్ళలోకి విసిరేశారు. గుజరాత్ తీరం దగ్గర పడేసరికి నీటి రంగు ఉన్నట్టుండి తెల్లబడింది. అది చూసి దారి చూపే ముఅల్లింలు గొల్లుమన్నారు, ముందు సుడిగుండాలున్నాయని. (ఆ సముద్రంలో ఓడకు దారి చూపేవాడూ ముఅల్లిమే, బడి పంతులూ ముఅల్లిమే. మా ఉద్యోగానికి ఇంత గౌరవం ఉందని ఈ కథ చదివాకే తెలిసింది.) దమన్ దగ్గర మూడు ఓడలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి. ఆరు మాత్రం సూరత్ చేరాయి.

అక్కడి నుంచి సముద్రం మీద దారి లేదు. పోర్చుగీసు వారు కాపు కాస్తున్నారు. సిపాయిలకు జీతాలు అందక చాలా రోజులైంది. చాలామంది గుజరాత్ కొలువులో చేరిపోయారు. వాళ్ళను తప్పు పట్టలేం, కడుపు నిండాలి కదా. సీదీ అలీ ఓడలను, ఫిరంగులను అక్కడి సర్దారుకు ఒప్పగించి, వాటి వెల ఇస్తంబుల్ ఖజానాకు పంపాలని షరతు పెట్టాడు. అంతా మునిగాక కూడా లెక్క వదల్లేదు!

అహ్మదాబాద్‌లో ఉండగానే 1554 డిసెంబరులో "ముహీత్" అనే కితాబు పూర్తి చేశాడు. ఇబ్న్ మాజిద్, సులేమాన్ మహ్రీ వంటి అరబ్బు నావికుల విద్యను అందులో తుర్కీలో పెట్టాడు. ఏ గాలి ఎప్పుడు లేస్తుంది, ఏ నక్షత్రం ఎన్ని వేళ్ళ ఎత్తున కనబడితే ఏ రేవు దగ్గరవుతుంది, ఇవన్నీ ఉన్నాయి. ఆ సముద్రంలో అంత దెబ్బ తిన్నవాడు, వెనక వచ్చేవాళ్ళ కోసం దాని గుట్టే రాసిపెట్టాడు.

గుజరాత్ సుల్తాను భరూచ్ జాగీరు ఇస్తానన్నాడు. వద్దన్నాడు. సుమారు 50 మందితో నేల దారిన బయలుదేరాడు. దారిలో దొంగల భయం లేకుండా భట్టులు తోడు వచ్చారు. ఎవరైనా మీద పడితే వాళ్ళు తమ కటారి తమ గుండెకే ఆనించుకుని, చచ్చిపోతామని బెదిరించేవారట. ఆ పాపానికి జడిసి దుండగులు తప్పుకునేవారు.

సింధ్, ముల్తాన్, లాహోర్ దాటి ఢిల్లీ చేరితే హుమాయూన్ పాదుషా వదల్లేదు. వానలు తగ్గేదాకా ఉండమన్నాడు, గ్రహణాల లెక్క కట్టించుకున్నాడు, గజళ్ళు విన్నాడు. ఇక సెలవు దొరికిందనుకునేసరికి 1556 జనవరిలో పాదుషా మెట్ల మీంచి పడి మూడు రోజులకు పోయాడు. అక్బరు పంజాబులో ఉన్నాడు, పదమూడేళ్ళవాడు. అతను తఖ్తు ఎక్కేదాకా మరణవార్త దాచమని అమీర్లకు సలహా ఇచ్చినవాళ్ళలో ఈ పరదేశి నావికుడొకడు. వాళ్ళు అలాగే చేశారు.

ఆపైన కాబూల్, సమర్‌ఖంద్, బుఖారా, ఖ్వారజం. అక్కడి నుంచి ఉత్తరంగా పోదామంటే అస్త్రఖాన్ రష్యావారి చేతిలో పడింది. వెనక్కి తిరిగి ఇరాన్ మీదుగా నడిచాడు. గోడ మీది ఆసియా పటంలో ఈ దారి వేలితో చూపిస్తే మా పిల్లలు అడిగారు, ఢిల్లీలోనే ఉండిపోవచ్చు కదా సార్ అని. ఇంటి మీద బెంగ ఒకటి. హుకుం ఇచ్చినవాడి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలన్నది రెండోది.

1557లో ఇస్తంబుల్ చేరాడు. సుల్తాన్ ఎదిర్నేలో ఉన్నాడని తెలిసి అక్కడికీ పోయాడు, దారిలోని రాజులు ఇచ్చిన ఉత్తరాలు పట్టుకుని. పీరీ రయీస్‌కు జరిగింది ఈయనకు జరగలేదు. సుల్తాన్ రోజుకు 80 అక్చేల జీతంతో దర్బారు కొలువిచ్చాడు. ఆ సంవత్సరమే తన కథంతా "మిర్ఆతుల్ మమాలిక్", అంటే దేశాల అద్దం, అనే పుస్తకంగా రాశాడు. ఆయనకూ, వెంట వచ్చినవాళ్ళకూ నాలుగేళ్ళ పాత జీతం బాకీ మొత్తం చెల్లింది.