సరళీ వరసల వెనక ఒక ముక్కుపుడక: పురందరదాసు గారి కథ

చిన్నప్పుడు సంగీతం క్లాసులో చేరి, సరిగమలు బోర్ కొట్టి మానేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు కదా. ఆ పాఠాలను ఏర్పరిచిన మహానుభావుడి గురించి ఈరోజు తెలుసుకుందాం.

ఆయన అసలు పేరు శ్రీనివాస నాయకుడు. విజయనగర కాలంలో కన్నడదేశంలో బాగా డబ్బున్న నగల వ్యాపారి, పరమ పిసినారి. సంప్రదాయం చెప్పే కథ ఇదీ. ఒక పేద బ్రాహ్మణుడు కొడుకు ఉపనయనానికి సాయం అడిగితే, రేపు మాపు అంటూ తిప్పించాడు. ఆయన భార్య సరస్వతీబాయి జాలిపడి తన ముక్కుపుడక ఇచ్చేసింది. బ్రాహ్మణుడు దాన్ని అమ్మడానికి వచ్చింది ఈయన కొట్టుకే! నగ గుర్తుపట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇంటికెళ్ళి భార్యను నిలదీశాడు. ఏం చెప్పాలో తెలియక ఆ ఇల్లాలు విషం తాగబోతే, గిన్నెలో ముక్కుపుడక కనిపించింది. ఇక్కడ పెట్టె తెరిస్తే ఖాళీ. వచ్చింది విఠలుడేనని ఆయనకు అర్థమైంది.

ఉన్నదంతా దానం చేసి, భార్యాపిల్లలతో కట్టుబట్టలతో బయల్దేరాడు. వ్యాసతీర్థుల వారి దగ్గర దీక్ష తీసుకుని పురందరదాసు అయ్యాడు. తంబూర పట్టుకుని, వీధుల్లో పాడుతూ మధుకరం ఎత్తి బతికాడు. పాటలన్నీ పురందర విఠలుడికే అంకితం.

మరి పాఠాల సంగతి? సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు అనే ఈ మెట్ల క్రమం ఆయన పెట్టిందేనని సంగీతజ్ఞులు చెబుతారు. మొదటి పాఠానికి ఎంచుకున్న రాగం మాయామాళవగౌళ. ఎందుకంటే అందులో స-రి దూరం ఎంతో ప-ద దూరం అంతే. రి-గ, ద-ని కూడా సమానం. గ-మ, ని-పైషడ్జం కూడా అంతే. అంటే కింద సగం గొంతుకి పట్టుబడితే, పై సగం దానంతటదే వచ్చేస్తుంది. తాళం ఆదితాళం, మొత్తం 8 అక్షరాలు. ముందు 4 అక్షరాల లఘువు, అంటే ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసురు. అదే వరసను మూడు కాలాల్లో పాడిస్తారు. స్వరం, లయ, ఓపిక మూడూ ఒకేసారి అలవడతాయన్నమాట. ఆ తర్వాత మలహరి రాగంలో పిళ్ళారి గీతాలు.

అందుకే ఆయన్ని కర్ణాటక సంగీత పితామహుడు అంటారు. మన త్యాగయ్య గారు కూడా తన ప్రహ్లాద భక్తి విజయంలో ఆయనకు నమస్కరించారు.

1564లో పుష్య అమావాస్య నాడు హంపిలో ఆయన దేహం చాలించారు. మరుసటి ఏడాదే రాక్షసతంగడి యుద్ధం. వీధుల్లో రత్నాలు పోసి అమ్మారని మనం చెప్పుకునే ఆ నగరం పాడుబడిపోయింది. తుంగభద్ర ఒడ్డున పురందర మంటపం ఇప్పటికీ ఉంది. ఆయన వదిలేసిన సొమ్ము ఏమైందో ఎవరికీ పట్టలేదు. ఆయన పెట్టిన వరసలు మాత్రం ఈరోజు కూడా ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల పాడుతూనే ఉంది.

మధ్యలో ఆపేసినవాళ్ళు ఈ సాయంత్రం ఒక్క వరస పాడి చూడండి. గొంతు ఎలా ఉన్నా పర్లేదు, విఠలుడు వింటాడు. మళ్ళీ కలుద్దాం!