మూకచిత్రముల నాటి మేటి నటి జుబేదా

చలనచిత్రము మన దేశమున అడుగిడిన తొలిదినములలో స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించిరి. 1913లో వెలువడిన ‘రాజా హరిశ్చంద్ర’లో చంద్రమతి వేషము కట్టినవాడు ఒక యువకుడే. స్త్రీలు తెరపై కనిపించుట అప్రతిష్ఠయని లోకము తలచిన కాలమది. అట్టి కాలమున జంకక నిలిచినవారు ఫాతిమా బేగమును, ఆమె కుమార్తె జుబేదాయును.

జుబేదా 1911లో సూరతు నగరమున జన్మించెను. బాల్యముననే మూకచిత్రములలో ప్రవేశించెను. సోదరీమణులు సుల్తానా, షెహజాదీలును నటీమణులే. తల్లి 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్’ చిత్రమును నడిపి, భారతదేశమున ప్రథమ మహిళా దర్శకురాలయ్యెను.

మాటలేని చిత్రమున కన్నులే పలుకవలెను; ముఖమే భావము తెలుపవలెను. ఆ విద్య జుబేదాకు కరతలామలకము. తెరకు మాటలు వచ్చినంతనే, భాష పట్టుబడక పలువురు తారలు వెనుకబడిరి. ఆమె మాత్రము వెనుకాడలేదు. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయైన ప్రథమ టాకీ ‘ఆలం ఆరా’లో నాయిక ఆమెయే. దాని నిర్మాత అర్దేషిర్ ఇరానీయే మరుసటి యేట తెలుగువారికి ‘భక్త ప్రహ్లాద’ నందించెను.

పిమ్మట జుబేదా హైదరాబాదు ప్రముఖులగు మహారాజా నర్సింగ్‌గిర్ ధనరాజ్‌గిర్‌ను వివాహమాడి, ఈ సీమకు కోడలయ్యెను. 1988లో బొంబాయిలో కన్నుమూసెను.

నేడు ‘ఆలం ఆరా’ ప్రతి యొక్కటియు లభింపదు. ఆమె మూకచిత్రములలో పెక్కింటికిని అదే గతి పట్టినది. తెరపై బొమ్మ చెరగిపోయినను, ఆమె కీర్తి అక్షరమున నిలిచియున్నది. అట్టి అక్షరమును కాపాడుటయే గ్రంథాలయ ధర్మము.