గోళం లెక్కను సరిచేసిన భాస్కరాచార్యుడు

వ్యాసం 7 ఉన్న గోళం ఘనపరిమాణం ఎంత? హైస్కూలు విద్యార్థిని అడిగితే నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్ సూత్రం వేసి, 179 పైచిలుకు అని చెబుతారు. 1150లో పూర్తయిన ‘లీలావతి’లోనూ ఇదే ప్రశ్న ఉంది. జవాబు కూడా ఇదే: 179, దానిపైన 2500లో 1487 వంతులు. దశాంశాల్లో రాస్తే 179.5948. అయితే అంతకు ఆరున్నర శతాబ్దాల ముందు ఆర్యభటుడు ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే ఇదే గోళానికి దాదాపు 239 వస్తుంది. అంటే మూడో వంతు ఎక్కువ.

లీలావతి రాసిన భాస్కరాచార్యుడు 1114లో పుట్టాడు. సహ్యాద్రి పర్వతాల చెంత ఉన్న విజ్జలవిడం తన ఊరని ఆయనే రాసుకున్నాడు. ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుందన్నది తేలలేదు. మహారాష్ట్రలోని చాళీస్‌గావ్ ప్రాంతమని కొందరు, కర్ణాటకలోని బిజాపూర్ అని మరికొందరు అంటారు. తండ్రి మహేశ్వరుడు జ్యోతిష పండితుడు, ఆయనే గురువు కూడా. 36 ఏళ్ల వయసులో భాస్కరుడు ‘సిద్ధాంత శిరోమణి’ని పూర్తి చేశాడు. అంకగణితానికి లీలావతి, బీజగణితానికి ఒక గ్రంథం, ఖగోళానికి గ్రహగణితం, గోళాధ్యాయం అందులోని భాగాలు. లీలావతి ఆయన కూతురని, పెళ్లి ముహూర్తం తప్పిపోవడంతో ఆమెను ఓదార్చడానికే ఆ పుస్తకం రాశాడని చెప్పే కథ మనందరికీ తెలిసిందే. అక్బర్ ఆస్థాన కవి ఫైజీ 1587లో చేసిన పర్షియన్ అనువాదంతో ఆ కథ ప్రచారంలోకి వచ్చింది. భాస్కరుడి రాతల్లో మాత్రం దాని జాడ లేదు.

గోళం విషయానికి వద్దాం. 499 నాటి ఆర్యభటీయంలోని నియమానికి సాధారణంగా చెప్పే అర్థం ఇది: వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతోనే గుణిస్తే గోళం ఘనపరిమాణం వస్తుంది. చతురస్రం నుంచి ఘనానికి వెళ్లేటప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. చతురస్ర వైశాల్యానికి వర్గమూలం దాని భుజమే కదా! బహుశా ఆ పోలికే వృత్తం నుంచి గోళానికి కూడా పాకి ఉంటుంది. భూమి తిరుగుతోందని చెప్పిన, పై విలువను 3.1416గా ఇచ్చిన మనిషి ఇక్కడ తప్పాడు.

భాస్కరుడు వచ్చేదాకా అందరూ ఆ తప్పునే మోశారని అనుకోనక్కర్లేదు. వ్యాసం ఘనంలో సగం తీసుకుని, దానికి అందులో 18వ వంతు కలపమని శ్రీధరుడు అంతకుముందే చెప్పాడు. అది అసలు విలువకు చాలా దగ్గర. తొమ్మిదో శతాబ్దంలో మహావీరుడూ ‘గణిత సార సంగ్రహం’లో మరో అంచనా ఇచ్చాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. ఇక గ్రీకు ప్రపంచంలో ఆర్కిమెడిస్ క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే దీన్ని రుజువు చేశాడు. భాస్కరుడి ఘనత వేరే చోట ఉంది. సూత్రం ఇచ్చి ఊరుకోకుండా, అది ఎందుకు నిజమో చూపించాడు.

ఆయన మొదట ఉపరితలాన్ని పట్టుకున్నాడు. బంతి చుట్టూ అల్లిన వలలా, గోళం ఉపరితలం వృత్త వైశాల్యానికి నాలుగు రెట్లు అన్నాడు. ఈ విషయంలో తనకు ముందువాడైన లల్లుణ్ని పేరు పెట్టి మరీ విమర్శించాడు. లల్లుడు వృత్త వైశాల్యాన్ని చుట్టుకొలతతో గుణించి, భూమి ఉపరితలం సుమారు 285 కోట్ల చదరపు యోజనాలని తేల్చాడు. ఆయన తీసుకున్న కొలతలతోనే సరిగ్గా లెక్కిస్తే 35 లక్షలు కూడా దాటదు. లల్లుడి గ్రంథానికి భాస్కరుడు స్వయంగా వ్యాఖ్య రాశాడు. అయినా మొహమాటపడలేదు.

నాలుగు రెట్లు ఎందుకన్న దానికి గోళాధ్యాయంపై తానే రాసిన వాసనాభాష్యంలో ఉసిరికాయను ఉదాహరణగా తెచ్చాడు. కాయ మీద పై నుంచి కిందికి చారలుంటాయి కదా, గోళాన్నీ అలాగే చీలికలుగా గీయమన్నాడు. చుట్టుకొలతను 96 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక యూనిట్ అనుకున్నాడు. తన జ్యా పట్టికతో ఒక చీలిక వైశాల్యం లెక్కిస్తే అది వ్యాసమంత వచ్చింది. 96 చీలికలనూ కలిపితే చుట్టుకొలతను వ్యాసంతో గుణించినంత. అంటే వృత్త వైశాల్యానికి నాలుగు రెట్లే. ఇప్పటి సమాకలనం చేసేదానికి ఇది చాలా దగ్గరి ఆలోచన. అయితే పట్టికలోని 24 జ్యాలతో కట్టిన లెక్క కాబట్టి దీన్ని పూర్తి రుజువు అనడం అతిశయోక్తే.

ఆ తర్వాతి మెట్టు సులువు. ఉపరితలం మీద చిన్న చిన్న గడులు గీసి, ప్రతి గడి నుంచి కేంద్రం దాకా సూదిలా సన్నబడే పిరమిడ్‌ను ఊహించుకోవాలి. పిరమిడ్ ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించిన దాంట్లో మూడో వంతు. ఇక్కడ ఎత్తు వ్యాసార్ధం, అడుగులన్నీ కలిస్తే ఉపరితలం. కాబట్టి ఉపరితలాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగిస్తే గోళం ఘనపరిమాణం వచ్చేస్తుంది. లీలావతిలోని నియమం ఇదే. ఉపరితలం స్థానంలో పై డీ స్క్వేర్ రాస్తే పై డీ క్యూబ్ బై ఆరు అవుతుంది. వ్యాసం బదులు రెండు వ్యాసార్ధాలు రాస్తే మన బడి సూత్రం. చూడటానికి మూడు సూత్రాలు, లోపల ఉన్నది ఒకటే.

తొందరలో ఉన్నవాళ్లకు లీలావతి ఇంకో దారి కూడా చెప్పింది. వ్యాసం ఘనంలో సగానికి, అందులో 21వ వంతు కలపాలి. ఈ 21 వెనుక ఉన్నది 22 బై 7. దాన్ని ఆరుతో భాగిస్తే 21లో 11 వంతులు, అంటే సగం, ఆ సగంలో 21వ వంతు. వ్యాసం 7 అయితే ఘనం 343, సగం 171.5, దానికి 8.17 కలిపితే 179.67. అసలు జవాబుతో తేడా వందలో పదో వంతు కూడా లేదు.

భాస్కరుడు 69 ఏళ్ల వయసులో, 1183ను ఆధారంగా తీసుకుని, ‘కరణ కుతూహలం’ రాశాడు. కొడుకు లక్ష్మీధరుణ్ని యాదవ రాజు జైత్రపాలుడు ఆస్థానానికి పిలిపించుకున్నాడు. మనవడు చంగదేవుడు సింఘణ రాజు దగ్గర ప్రధాన జ్యోతిష్కుడయ్యాడు. తాత గ్రంథాలు బోధించడానికి ఆ మనవడే చాళీస్‌గావ్ దగ్గరి పాటణలో ఒక మఠం పెట్టాడు. దానికి 1207లో దానం రాసిచ్చిన శాసనం అక్కడి ఆలయంలో దొరికింది. భాస్కరుడి వంశం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ రాతి మీదిదే.