జాన్ కెనడీ - వలస కుటుంబపు బిడ్డ

మన సంఘములలో కుమారుడో కుమార్తెయో అమెరికాలో స్థిరపడిన కుటుంబములు నేడు చాలా ఉన్నవి. క్రిస్మసుకు వారు ఇంటికి వచ్చినప్పుడు ఆ దేశపు సంగతులు ఎంతో ఆసక్తితో అడుగుతాము. వారు అక్కడికి వెళ్లుటకు మార్గము ఎట్లు ఏర్పడినదో మాత్రము అడుగము. ఆ మార్గము ఏర్పడుటకు పాటుపడినవారిలో 1963లో హత్యకు గురియైన అధ్యక్షుడు జాన్ కెనడీగారు ఒకరు. అందుచేత ఆయనను ఇక్కడ జ్ఞాపకము చేసికొనుచున్నాము.

కెనడీగారి ముత్తాత పాట్రిక్ ఐర్లాండులోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతపు రైతుబిడ్డ. 1845 మొదలు కొన్ని సంవత్సరములపాటు ఆ దేశములో బంగాళాదుంప పైరు తెగులుపడి కుళ్లిపోయినది. పేదలకు అదే ఆహారము. ఆకలివలనను జ్వరములవలనను సుమారు 10 లక్షలమంది మరణించారు. ఇంచుమించు అంతమందే ఓడలెక్కి దేశము విడిచారు. పాట్రిక్ బోస్టను చేరి పీపాలు చేయు పనిలో కుదిరారు. 1858లో కలరా సోకి మరణించారు. అప్పటికి చిన్న కుమారునికి ఏడాది నిండలేదు. భార్య బ్రిజెట్ ఒక చిన్న అంగడి నడిపి పిల్లలను పెంచినది. చరిత్రలు వ్రాయువారు ఈ విధవరాలిని ఒక్క మాటలో దాటిపోతారు. మాకు అట్లు దాటిపోవుటకు మనసు రాదు. అట్టి తల్లులు మన సంఘములలోను ఉన్నారు గదా! ఆ పసివాడే పెద్దవాడై మద్యపు దుకాణము పెట్టి (ఆ వ్యాపారమును మేము మెచ్చుకొనజాలము), తరువాత రాష్ట్ర శాసనసభలో సభ్యుడయ్యాడు. 1917లో జన్మించిన జాన్ ఇతని మనుమడు.

బోస్టనులో పాతకాపులైన ప్రొటెస్టంటులు ఐరిష్‌వారిని చాలకాలము చిన్నచూపు చూశారు. 1928లో ఐరిష్ వంశీయుడైన ఆల్ స్మిత్ అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. ఆయన రోమను కతోలికుడగుట అందుకు ఒక కారణము. 1960లో కెనడీగారికి అదే చిక్కు వచ్చినది. కతోలికుడు అధ్యక్షుడైతే పోపుగారి ఆజ్ఞకు లోబడి రాజ్యము చేయునని మావంటి ప్రొటెస్టంటు బోధకులు అనేకులు ప్రసంగపీఠముల మీదనుండి భయపెట్టారు. ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది. ఆ సెప్టెంబరు 12న ఆయన హ్యూస్టను నగరములో ఆ బోధకుల సభకే వెళ్లి, వారి ప్రశ్నలన్నిటికి ఓపికతో జవాబు చెప్పారు. సుమారు 6 కోట్ల 80 లక్షల ఓట్లు పోలైన ఆ ఎన్నికలో ఆయన ఆధిక్యత లక్షకు కొంచెము మించినది, అంతే. ఐరిష్ ఇండ్లలో పోపుగారి పటము ప్రక్కన కెనడీగారి పటము వేలాడినది.

ఆయన లోపములు లేనివారు కారు. నల్లజాతివారి హక్కుల విషయములో మొదటి రెండేండ్లు తటపటాయించారు.

1963 జూన్‌లో ఆయన ఐర్లాండు వెళ్లారు. ముత్తాత విడిచివెళ్లిన డంగన్స్‌టౌను పొలములో అప్పటికింకా ఆయన బంధువులు కాపురమున్నారు. వారు ఇంటి ముంగిట బల్లలు వేసి టీ ఇచ్చారు. ఆ ఇంటివారి సంతోషము మనము ఊహించుకొనవచ్చును.

తిరిగివచ్చిన నెలలోపే, జూలై 23న, ఆయన అమెరికా పార్లమెంటుకు ఒక ప్రతిపాదన పంపారు. ఏ దేశమునుండి ఏటా ఎందరు వలస రావచ్చునో చట్టము లెక్కకట్టి పెట్టినది. ఐర్లాండుకు 17 వేలకు పైగా స్థలములుండెను. మన ఇండియాకు, 1946 నుండి, కేవలము 100. జన్మదేశమునుబట్టి మనుష్యులను ఇట్లు తూచుట మానవలెనని ఆయన కోరారు. సెనేటరుగా ఉన్నప్పుడే, 1958లో, వలస వచ్చినవారిని గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించారు. కాని ఈ ప్రతిపాదనవలన నష్టపోవువారు ఎవరు? టీ ఇచ్చిన ఆ బంధువుల దేశస్థులే. తనవారికున్న ఆధిక్యతను తీసివేయుమని తానే అడిగిన నాయకులు ఎందరున్నారు? మాకు ఆయనయందు గౌరవము కలుగుటకు ముఖ్య కారణము ఇదే.

అది చట్టమగుట ఆయన చూడలేదు. నవంబరు 22న డల్లసులో తుపాకి కాల్పులకు బలియైనారు. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్‌గారు న్యూయార్కు రేవులో స్వాతంత్ర్య దేవత విగ్రహము పాదములచెంత ఆ చట్టముపై సంతకము చేశారు. ఆ తరువాతి సంవత్సరములలో ఆంధ్రదేశమునుండి వైద్యులు, ఇంజనీర్లు అమెరికాకు వెళ్లసాగారు. ఐర్లాండువారి వలస తగ్గిపోయినది. 1980 తరువాత అక్కడినుండి వచ్చిన యౌవనస్థులు వేలమంది సరియైన పత్రములు లేక, కెనడీగారి సొంత పట్టణమైన బోస్టనులోనే దాగి పనిచేసికొన్నారు.