ప్రతిసారీ ఒకేలా పేలాలి

లావోయిజర్ అనగానే మనకి గుర్తొచ్చేవి ఆక్సిజన్, ద్రవ్యనిత్యత్వ నియమం. కానీ ఆయన దాదాపు పదిహేనేళ్లు చేసిన ప్రభుత్వ ఉద్యోగం వేరే. అది తుపాకి మందు తయారీ!

ఆంటొయిన్ లావోయిజర్ 1743లో పారిస్‌లో పుట్టాడు. చదివింది లా, మనసంతా సైన్స్ మీద. 1768లో సైన్స్ అకాడమీలో చేరాడు. అదే ఏడాది రాజు తరఫున పన్నులు వసూలు చేసే కంపెనీలో వాటా కొన్నాడు. ఈ రెండో విషయం గుర్తుపెట్టుకోండి.

అప్పట్లో తుపాకి మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. అందులో ముప్పావు వంతు సురేకారమే. మంచి సురేకారం మన బీహార్ నుంచి వెళ్లేది. 1757లో ప్లాసీ యుద్ధం తర్వాత ఆ వ్యాపారం ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయింది, ఫ్రాన్స్‌కి కొరత మొదలైంది. అక్కడ సురేకారం కోసం జనాల ఇళ్లలో, కొట్టాల్లో నేల తవ్వేసేవాళ్లు. 1775లో మంత్రి టర్గో కాంట్రాక్టర్లని తీసేసి, ఆ పని నలుగురు అధికారులకి అప్పగించాడు. వాళ్లలో ఒకడు లావోయిజర్.

మందుని టెస్ట్ చేయడానికి ఒక చిన్న ఫిరంగి ఉండేది. తూచిన మందు, ఎప్పుడూ అదే గుండు, ఎంత దూరం పడిందో కొలవడం. అయితే ఒక్క గుండు దూరం పోతే సరిపోదు. తర్వాతది దగ్గర్లో పడితే సైనికుడు గురి ఎలా పెడతాడు? సురేకారంలో మామూలు ఉప్పు మిగిలితే చెమ్మ పడుతుంది. కలపడం సరిగ్గా లేకపోయినా, గింజల సైజు మారినా మంట వేగం మారిపోతుంది. అందుకే లావోయిజర్ సురేకారం శుద్ధి మీద పడ్డాడు. ఆయుధాగారంలోనే కాపురం, అక్కడే ల్యాబ్. కొన్నేళ్లకే ఫ్రెంచ్ మందు యూరప్‌లో మేలైనదిగా పేరు తెచ్చుకుంది. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అమెరికన్లు కూడా దాన్నే వాడారు.

1788లో ఎసోన్ మిల్లులో బెర్తొలే కనిపెట్టిన పొటాషియం క్లోరేట్‌తో కొత్త మందు ప్రయత్నించారు. దానికి బలం ఎక్కువే, నమ్మకమే లేదు. మిల్లు పేలి ఇద్దరు చనిపోయారు. లావోయిజర్ దంపతులు కాస్త దూరంలో ఉండబట్టి బతికారు.

1789 ఆగస్టులో మరో గండం. ఆయుధాగారం నుంచి నాసిరకం ఎగుమతి మందుని బయటికి పంపుతుంటే, మంచి మందుని శత్రువులకి తరలిస్తున్నారని జనం అనుకున్నారు. పీపాలో ఉన్నది ఏ రకమో ఆయనకి తెలుసు, వీధిలో గుంపుకి తెలియదు. ప్రాణాలతో బయటపడటమే కష్టమైంది. చివరికి ఆ పన్నుల కంపెనీ వాటానే ప్రాణం తీసింది. 1794 మే 8న, మామగారితో సహా మిగతా వాటాదారులతో పాటు, యాభై ఏళ్ల లావోయిజర్‌ని గిలెటిన్ ఎక్కించారు.

ఎసోన్‌లో ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఒకడు అమెరికా వెళ్లి 1802లో మందు మిల్లు పెట్టాడు. పేరు డ్యూపాంట్! ఆ కంపెనీ తెచ్చిన ఐఎంఆర్ రైఫిల్ పౌడర్లు కొన్ని వేరే యాజమాన్యం కింద ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. తూటాలు సొంతంగా నింపుకునే అమెరికన్లు ఇవాళ రెండు పౌడర్లని పోల్చాలంటే ఒకే రైఫిల్‌తో పదేసి సార్లు కాల్చి, ప్రతి తూటా వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలుస్తారు. గురి ముఖ్యమనుకునేవాళ్లు సగటు వేగం ఎక్కువున్నదాన్ని కాదు, స్టాండర్డ్ డీవియేషన్ తక్కువున్నదాన్ని తీసుకుంటారు.