ఎస్.ఆర్. రంగనాథన్

శియ్యాళి రామామృత రంగనాథన్ (1892 - 1972) భారతదేశంలో గ్రంథాలయ శాస్త్ర పితామహుడుగా ప్రసిద్ధి చెందిన గణిత అధ్యాపకుడు. అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తులతో పుస్తకాలను వరుసలో నిలిపే కోలన్ వర్గీకరణను రూపొందించాడు.

జీవిత విశేషాలు

రంగనాథన్ నాటి తంజావూరు జిల్లాలోని శియ్యాళిలో జన్మించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి, మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు కళాశాలలలో బోధించాడు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథాలయాధికారి అయ్యాడు. ఆ ఉద్యోగం నచ్చక కొద్ది రోజులకే తిరిగి బోధనకు పంపమని కోరాడు. లండన్‌లో శిక్షణ పొందిన తరువాత కూడా నచ్చకపోతే పంపుతామనే ఒప్పందంపై అక్కడికి వెళ్ళాడు. ఆ దేశపు గ్రంథాలయాలను చూసి మనసు మార్చుకొని, 1925లో తిరిగివచ్చి అదే పదవిలో సుమారు రెండు దశాబ్దాలు పనిచేశాడు.

అంకెల క్రమం

1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ ప్రవేశపెట్టిన దశాంశ పద్ధతిలోని పరిమితులను గమనించి, రంగనాథన్ 1933లో తన పద్ధతిని ప్రచురించాడు. ఇందులో ఆసియాకు 4, భారతదేశానికి 44, ఐరోపాకు 5 గుర్తులు. మామూలు లెక్కలో 44 స్థానం 5 తరువాత. కాని ఈ గుర్తులను దశాంశ భిన్నాలుగా చదవాలి. అప్పుడు 4, 44, 5 అనే వరుస ఏర్పడి, భారతదేశం ఆసియా వెంటనే నిలుస్తుంది. రెండు భిన్నాల మధ్య ఎప్పుడూ చోటుంటుంది కనుక కొత్త విషయానికి గుర్తు ఇవ్వడానికి పాత పుస్తకాల గుర్తులు మార్చనక్కరలేదు.

పత్రికల సంపుటాలకు ఈ నియమం వర్తించదు. అక్కడ అంకె లెక్కను తెలుపుతుంది కనుక వరుస 1, 2, 10 అని ఉండాలి. ఎడమ నుండి ఒక్కొక్క అంకెనే పోల్చితే 1, 10, 2 అవుతుంది. కంప్యూటర్లు దస్త్రాల పేర్లను అమర్చేటప్పుడు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. కనుక అంకె లెక్కను తెలుపుతున్నదో, విషయపు స్థానాన్ని తెలుపుతున్నదో ముందే నిర్ణయించాలి. తప్పు చోట చేరిన పుస్తకం పాఠకునికి లేనట్లే. పాఠకుని సమయం వృథా కారాదన్నది 1931లో రంగనాథన్ ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగవది.

శ్రీకాకుళం జిల్లాతో సంబంధం

1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టానికి రంగనాథన్ చిత్తుప్రతి ఆధారమయ్యింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దానికి ప్రత్యేక పన్ను ఈ చట్టంలోని ముఖ్యాంశాలు. మూలపేట మొదలైన తీరగ్రామాలున్న శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చేవరకు అక్కడ కూడా మద్రాసు చట్టమే అమలులో ఉంది.

మరణం

రంగనాథన్ 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో మరణించాడు. ఆయన జయంతిగా ఆగస్టు 12ను జాతీయ గ్రంథాలయాధికారుల దినోత్సవంగా జరుపుకుంటారు.