కొటుల్లా బడిపంతులు – లిండన్ జాన్సన్

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అనగానే మన పెద్దలకు రెండు సంగతులు జ్ఞాపకం వస్తాయి. ఒకటి వియత్నాం యుద్ధం. రెండవది 1965, 66 కరవు రోజులలో మన రేవులకు వచ్చిన గోధుమల ఓడలు. ఆయన ఒకప్పుడు బడిపంతులనీ, ఆ అనుభవం తరువాత ఒక గొప్ప చట్టానికి కారణమైనదనీ తలచేవారు తక్కువ. బడులు నడిపే సంఘాలవారు తెలిసికొనదగిన జీవితమిది.

జాన్సన్ గారు 1908 ఆగస్టు 27న టెక్సస్ రాష్ట్రంలో జన్మించారు. నాలుగేండ్లకే ఇంటి దగ్గరి ఒంటిగది బడికి వెళ్లారు. తండ్రి శాసనసభ్యుడే అయినా, ప్రత్తి ధర పడిపోయినప్పుడు అప్పులపాలయ్యారు. శాన్ మార్కస్‌లోని ఉపాధ్యాయ కళాశాలలో చదువుతూ ఉండగా డబ్బు చాలక, 1928లో చదువు ఆపి, కొటుల్లా అనే చిన్న పట్టణంలో ఉద్యోగానికి కుదిరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు.

అది మెక్సికన్ కూలీల పిల్లల బడి. తెల్లవారి పిల్లలకు వేరే బడి ఉండేది. చాలామంది పిల్లలు ఉదయం ఏమీ తినకుండానే వచ్చేవారు. ఆడుకొనడానికి ఒక బంతి కూడా లేదు. ఆయన తన మొదటి జీతంలో కొంత ఆటసామానుకు వెచ్చించారు. వక్తృత్వ పోటీలు పెట్టించారు, బడి ఊడ్చే మనిషికి ఇంగ్లీషు నేర్పారు. అయితే పిల్లలు తమ స్పానిష్ మాట్లాడితే దండించేవారు కూడా. ప్రేమగల పంతులే గాని, తల్లిభాషను చిన్నబుచ్చిన ఆ పని నాకు నచ్చదు. ఒక్క సంవత్సరమే అక్కడ ఉన్నారు. ఆకలి ముఖాలు మాత్రం ఆయనను విడువలేదు.

1937లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికై, సెనేటరై, కెనెడీ హత్యానంతరం 1963 నవంబరు 22న అధ్యక్షులయ్యారు.

అమెరికాలో అప్పట్లో బడుల ఖర్చు చాలావరకు ఆ ఊరి ఇండ్ల మీద, భూముల మీద వేసే పన్నుతో నడిచేది. పేదల ఊరికి పన్ను తక్కువ, కనుక బడీ పేదదే. కేంద్రం సహాయం చేయాలని చాలాకాలంగా ప్రయత్నాలు జరిగినా, సంఘముల బడుల ప్రశ్న దగ్గర బిల్లులు ఆగిపోయేవి. తమ బడులకు లేకపోతే ఒప్పుకోమని కాథలిక్కు బిషప్పులు, వాటికి ఇస్తే ఒప్పుకోమని ఉపాధ్యాయ సంఘంవారు పట్టుబట్టేవారు. స్వయంగా కాథలిక్కు అయిన కెనెడీ కూడా 1961లో దీనిని దాటించలేకపోయారు.

జాన్సన్ ప్రభుత్వం ఈ ముడిని తెలివిగా విప్పింది. సహాయం బడికి కాదు, బీద బిడ్డకు అన్నది. ఏడాదికి 2000 డాలర్లకంటే తక్కువ ఆదాయంగల కుటుంబాల పిల్లలను లెక్కించి, తలకు ఆ రాష్ట్రపు సగటు ఖర్చులో సగం చొప్పున నిధి కేటాయించారు. అది ప్రభుత్వ బడుల అధికారుల చేతికే పోవాలి. కాని సంఘముల బడులలోని బీద పిల్లలకు కూడా దానివలన ప్రత్యేక బోధన అందాలి. మొదటి ఏడాదికే నూరు కోట్ల డాలర్లకు పైగా అనుమతించారు. 1965 ఏప్రిల్ 11న, అది మట్టల ఆదివారం, ఆయన తన చిన్ననాటి బడి ఎదుట, మొదటి పంతులమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని సంతకం చేశారు. కొటుల్లా శిష్యులు కొందరు అక్కడ ఉన్నారు.

తరువాతి కథ అంత సంతోషకరం కాదు. 1969లో వెలువడిన ఒక నివేదిక చాలాచోట్ల ఈ సొమ్ము బీద పిల్లలను దాటిపోయిందని బయటపెట్టింది. కొన్ని జిల్లాలు దానిని అన్ని బడుల మామూలు ఖర్చులలో కలిపేసుకున్నాయి. ఈ సొమ్ము వచ్చిందిగదా అని బీదల బడికి తామివ్వవలసినది తగ్గించిన చోట్లూ ఉన్నాయి. అప్పుడు అది అదనపు సొమ్మెలా అవుతుంది? విరాళం రాగానే సంఘపు పద్దు తగ్గించే కమిటీలను చూచినవారికి ఇది క్రొత్త కాదు. 1970లో చట్టాన్ని సవరించి, ఇది స్థానిక ఖర్చుపైన చేర్చవలసినదే గాని దాని బదులు కాదని ఖండితంగా వ్రాశారు. పిల్లల చదువు ఆశించినంత పెరిగిందా అన్న వాదం మాత్రం తీరలేదు. పేర్లు మారినా పథకం నిలిచింది. 2024లో దానికి సుమారు 1800 కోట్ల డాలర్లు కేటాయించారు.

వియత్నాం యుద్ధం ఆయన పేరును మసకబార్చింది. 1968లో మరల పోటీ చేయనని ప్రకటించి, స్వగ్రామం చేరుకున్నారు. 1973 జనవరి 22న గుండెపోటుతో మరణించారు. ఆ ఒంటిగది బడికి చేరువలోనే, కుటుంబ శ్మశానంలో సమాధి చేశారు.